లూసర్న్ మొలకలు

పాలక్క కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎత్తిన పేడే మళ్ళీ ఎత్తుతోంది, కడిగిన క్యాన్లే మళ్ళీ కడుగుతోంది. తొట్టి నిండి అంచు మీదుగా నీళ్ళు కారుతున్నా పంపు కట్టెయ్యడం మరిచిపోయి, ఏదో గుర్తొచ్చినట్టు పాకలోంచి వంటగది కిటికీ దాకా వెళ్ళి, లోపలికి ఒకసారి తొంగిచూసి, వచ్చిన దారినే వెనక్కి వస్తోంది. ఆవులు కాసేపు ఆమె వంక చూసి, ఇక లాభం లేదని నెమరులో పడ్డాయి.

కిటికీలోంచి ఆమె చూస్తున్నది చెల్లెలి మొహం. నిన్నటికంటే వాపు తగ్గిందా, పెరిగిందా? కళ్ళ కింద సంచులు దిగాయి. ముక్కుకు అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రటి మచ్చ మళ్ళీ రెక్కలు విప్పింది. పొద్దున చెప్పులు తొడుక్కోబోతే పాదాలు పట్టలేదు. అడిగితే ఏం లేదులే, నిద్ర చాలలేదు అంటోంది గాని, మూత్రంలో నురగ వస్తోందని తనే నోరు జారింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి పాలక్కకు బిందెలో పాల నురగ చూసినా గుండె ఝల్లుమంటోంది.

చెల్లెలిని అందరూ పిచ్చుక అంటారు. ఆ పేరు పాలక్క పెట్టిందే. తల్లి పోయేనాటికి అది గుప్పిట్లో పట్టేంత పిల్ల. దూదిని ఆవుపాలలో ముంచి నోట్లో పిండి పెంచింది. పెరిగి పెద్దదై కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పని నేర్చుకుంది, పెళ్ళి చేసుకుని వెళ్ళింది. కొన్నేళ్ళకు లూపస్ పట్టుకుంది. ముందు కీళ్ళు, తరవాత చర్మం, ఆ తరవాత కిడ్నీలు. అదేం జబ్బో డాక్టరమ్మ చాలాసేపు చెబితే, పిచ్చుక అక్కకు ఒక్క ముక్కలో చెప్పింది.

"కంచే చేను మేస్తోందక్కా. ఒంటికి కాపలా కాయాల్సిన బలమే ఒంటి మీద పడి తింటోంది."

అత్తగారింట్లో ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. ఎవరో బలానికని ఇచ్చిన పొడిని అత్తగారు కోడలికి చెప్పకుండా రోజూ కూరలో కలిపింది. మొగుడికి తెలుసు. పిచ్చుక ఆస్పత్రి పాలయ్యాక సంగతి బయటపడింది. పెద్దావిడ మంచికే కదా చేసింది అన్నాడట మొగుడు. మంచికైతే దాచడమెందుకు అని అడిగిందట పిచ్చుక. పిచ్చుక పెట్టె సర్దుకుంది.

ఆ పెట్టెతో వచ్చి పాలక్క గేటు దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకముందే షరతు పెట్టింది.

"చూడక్కా, నా కంచంలో నాకు తెలియకుండా ఒక్క ఆకు పడినా ఆ రోజే వెళ్ళిపోతాను. నువ్వైనా సరే."

"నా మీద కూడా అనుమానమేనా?"

"నీ మీదే ఎక్కువ. నీకు ప్రేమ ఎక్కువ, చెవులు తక్కువ."

పాలక్క నవ్వి ఒట్టు వేసింది. నవ్వింది గాని, వెళ్ళిపోతాను అన్న మాట కడుపులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఎవరైనా తన గేటు దాటి వెళ్ళడం ఆమె తట్టుకోలేదు. అమ్మిన దూడను బండి ఎక్కించే పూట ఆమె పాకలో ఉండదు, ఏదో పని పెట్టుకుని దాణా కొట్టుకు పోతుంది. తన మొగుడు ఒకనాటి తెల్లవారుజామున క్యాన్లు సైకిలుకు తగిలించుకుని, వెళ్ళొస్తానే అన్నాడు. ఆమె పొదుగు దగ్గర ఉండి తల తిప్పకుండా ఊ అంది. అతను తిరిగి రాలేదు. రోడ్డు మీద పడిన క్యాన్లు మాత్రం ఎవరో తెచ్చి ఇచ్చారు. ఆ తరవాత నుంచి ఇంట్లోవాళ్ళు వీధి చివర ఉప్పు కొనడానికి వెళ్ళినా ఆమె గేటు దాకా వెళ్ళి, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడుతుంది.

అలాంటి పాలక్క వేసిన ఒట్టు తప్పింది. తప్పి ఒక రుతువు దాటింది. ఇప్పుడు ఆ వాపు మొహాన్ని కిటికీలోంచి చూసి వస్తున్నది అందుకే. తను పెట్టినది పనిచెయ్యడం లేదేమని ఆమె బెంగ. తను పెట్టినదే పనిచేస్తోందని ఇంకా ఆమెకు తెలియదు.

అదెలా మొదలైందంటే, పిచ్చుక వచ్చిన కొత్తలో గాలి వేస్తే పడిపోయేలా ఉండేది. పాలకు వచ్చేవాళ్ళందరూ గేటు దగ్గర దాన్ని చూసి తలో వైద్యం చెప్పేవాళ్ళు. ఒకరు చేదు కషాయం అన్నారు, ఒకరు పచ్చి వెల్లుల్లి అన్నారు, సముద్రపు నాచుతో చేసిన ఆకుపచ్చ మాత్రలు వేసుకుని తన వదిన మెట్లు పరిగెత్తి ఎక్కుతోందని ఇంకొకావిడ ప్రమాణం చేసింది. పిచ్చుక అందరికీ నవ్వుతూనే దండం పెట్టేది. లోపలికి వచ్చి, ఊళ్ళో అందరూ డాక్టర్లే, రోగిని నేనొక్కదాన్నే దొరికాను, అనేది. డాక్టరమ్మ రాసిన మాత్రలు తప్ప మరేదీ ముట్టుకునేది కాదు.

పాలక్క బడికి వెళ్ళలేదు. దాణా బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని తనంతట తను చదువు నేర్చుకుంది. ఆ రుచి మరిగాక పాత పత్రికలు, పొట్లాలు కట్టిన కాగితాలు, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు, ఏది దొరికితే అది చదివేది. అంత కష్టపడి చదివినదాన్ని నమ్మకపోతే పాపం అన్నట్టు నమ్మేది. చదివిన చోటల్లా ఒకటే మాట కనిపించింది: రోగనిరోధక శక్తి పెంచుకోండి. ఆ శక్తి ఉంటే ఏ జబ్బూ దగ్గరికి రాదట. తన చెల్లెలికి లేనిది అదేనని పాలక్క తేల్చుకుంది. కంచె, చేను అని పిచ్చుక చెప్పిన మాట అప్పటికి ఆమె మరిచిపోలేదు. కాని అచ్చులో ఉన్నది ఒకటి, చెల్లెలు నోటితో చెప్పింది ఒకటి అయితే అచ్చుదే పైచేయి అయింది.

బలం అంటే పాలక్కకు తెలిసింది ఒకటే, లూసర్న్ గడ్డి. మూడేసి చిన్న ఆకులు, ఊదారంగు పూలు. ఈనిన తరవాత లేవలేక పడిపోయిన చుక్కావును పశువుల డాక్టరు ఆశ వదులుకోమన్నప్పుడు, ఆ గడ్డి పిడికెడు పిడికెడు నోటికి అందించి లేపి నిలబెట్టింది. తల్లిపాలు అందని దూడలకు ఆ గింజలే మొలకెత్తించి, నూరి, పాలలో కలిపి పట్టించేది. చావుకు సిద్ధమైన దూడ తోక ఎత్తి గంతులు వెయ్యడం ఆమె కళ్ళారా చూసింది. పశువును నిలబెట్టిన గడ్డి మనిషిని నిలబెట్టదా?

దాణా కొట్టాయన దగ్గరికి వెళ్ళి, మందు పూయని గింజలే కావాలని పట్టుబట్టింది. విత్తనానికైతే మందు పూసినవే మేలు కదా అన్నాడాయన. విత్తడానికి కాదు, మొలకలకు అంది.

"ఈ ఏడు దూడలు ఎన్ని పుట్టాయేంటి అక్కా?"

"ఒకటే. మరీ బక్కది."

ఆ గింజల్ని ఎంత శ్రద్ధగా చూసుకుందని! కాచి చల్లార్చిన నీళ్ళలో కడిగింది, కొత్త గుడ్డలో మూటకట్టింది, ఈగ వాలకుండా కాపలా కాసింది. పిచ్చుక రోజూ పొద్దున పెరుగులో పుదీనా నూరి కలుపుకుని తింటుంది. ఉప్పు తగ్గించమన్నారు గనక ఆ ఘాటైనా ఉంటే నాలుకకు ఊరట. ఆ పుదీనాతో పాటు ఈ మొలకలూ రోటిలో పడ్డాయి. పచ్చదనంలో పచ్చదనం కలిసిపోయింది. పసరు వాసన వస్తే పుదీనా ఇంకో రెమ్మ వేసేది. పిచ్చుక తిని, ఇవాళ పుదీనా ఎక్కువైందక్కా అంటే, తోటలో ఏపుగా పెరిగిందిలే అనేది.

మొదట్లో పిచ్చుక తేరుకుంది కూడా. డాక్టరమ్మ ఇచ్చిన మందులు అప్పుడే పనిచెయ్యడం మొదలుపెట్టాయి. బుగ్గలకు కాస్త రంగు వచ్చింది, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని గొడుగు వేసుకుని మళ్ళీ కళ్ళద్దాల కొట్టుకు పనికి వెళ్ళింది. పాలక్క ఆ ఘనతంతా లూసర్న్ ఖాతాలో వేసి, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల మురిసిపోయింది. తరవాత మెల్లగా వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. అద్దం పట్టుకుంటే జారుతోందంది. మచ్చ మళ్ళీ వచ్చింది. పాలక్క కంగారుపడి ఏం చేసిందంటే, మొలకలు రెట్టింపు చేసింది.

ఇక లాభం లేదని, పాదాలకు చెప్పులు పట్టని ఆ ఉదయమే ఇద్దరూ ఆస్పత్రికి బయల్దేరారు.

డాక్టరమ్మ మంచిదే గాని మాట కరుకు. కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోందంది. కుదుటపడిన జబ్బు ఊరికే ఇంతగా తిరగబెట్టదు, ఎండలో తిరిగావా, మాత్రలు మానేశావా అని అడిగింది. మానలేదని పిచ్చుక చెప్పింది. నిజం చెప్పు, బాగున్నామనుకోగానే మానేసేవాళ్ళను చాలామందిని చూశాను అంది డాక్టరమ్మ. పిచ్చుక మొహం వాపులోనే చిన్నబోయింది. ఏమో, ఎప్పుడైనా ఒక పూట మరిచిపోయానేమో, కొట్టుకు వెళ్ళే దారిలో ఎండ తగిలిందేమో, అని తప్పు తన మీద వేసుకోవడానికి తనే సందులు వెతుక్కుంది. పక్కన నిలబడిన పాలక్కకు ఆ మాటలు నచ్చలేదు. నా చెల్లెలు పూట తప్పదమ్మా, నేను చూస్తూనే ఉంటాను కదా అని గట్టిగానే చెప్పింది.

కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని, దాన్నిబట్టి పెద్ద మందు మొదలుపెట్టాల్సి రావచ్చని డాక్టరమ్మ తేల్చింది. ఆ మందు ఎలాంటిదో కూడా దాచలేదు. జుట్టు ఊడొచ్చు, చిన్న జలుబు కూడా పెద్ద జబ్బై కూర్చోవచ్చు. వెళ్ళేముందు, ఏం తినాలో చెప్పే గదిలో కనబడి వెళ్ళమంది.

ఆహారం సంగతి చూసే అమ్మాయి గలగలా మాట్లాడే మనిషి. ఉప్పు గురించి అడిగింది, ఊరవేసినవీ డబ్బాల్లోవీ తింటున్నారా అని అడిగింది. ఎండ పడని ఒళ్ళు గనక విటమిన్ డి తగ్గుతుంది, రక్తం చూసి రాసిన మోతాదే వేసుకోవాలి, ఎక్కువైతే అదీ ముప్పే అంది. స్టెరాయిడ్ మాత్రలు ఎముకల్ని తినేస్తాయి, పాలూ పెరుగూ మానొద్దు. చేపలు మంచివి. మూత్రంలో ప్రోటీన్ పోతోంది కదా అని డబ్బా పొడులు తాగితే అలిసిన కిడ్నీ మీద ఇంకా బరువు వేసినట్టే. పాలక్క ప్రతి మాటకీ తల ఊపుతూ, పెరుగు మాదేనమ్మా, స్వయంగా తోడుపెట్టిందే అని మధ్యమధ్య గర్వంగా కలుపుతోంది.

గోడకు ఒక అలమర ఉంది. దాన్నిండా సీసాలు, డబ్బాలు, పొట్లాలు. పిచ్చుక అటు చూడడం చూసి ఆ అమ్మాయి నవ్వింది. అది తన మ్యూజియమట. రోగుల సంచుల్లో పట్టుబడిన సరుకంతా అక్కడే పెడుతుందట. రోగనిరోధక శక్తిని పెంచుతాయని అమ్మేవే అందులో సగం.

"మీ జబ్బులో ఆ శక్తి తక్కువై కాదండీ బాధ, దారితప్పి. దాన్ని ఇంకా ఎగదోస్తే మీ మీదికే వస్తుంది" అంది ఆ అమ్మాయి.

పాలక్క అప్పటికే అలమర దగ్గరికి వెళ్ళి నిలబడింది. రెండో అరలో ఒక ఆకుపచ్చ సీసా. దాని మీద బొమ్మ. మూడేసి చిన్న ఆకులు, ఊదారంగు పూలు. పరాయి ఊళ్ళో చుట్టం కనిపించినట్టు ఆమె మొహం విప్పారింది.

"ఇది మా లూసర్న్ కదమ్మా."

"అవునమ్మా, అదే. సీసాలో పోస్తే ఆల్ఫాల్ఫా అని అమ్ముతారు. మీకెలా తెలుసు?"

ఆవులకు పెడతామని పిచ్చుక చెప్పింది.

"ఆవులకు నిక్షేపంగా పెట్టండి. లూపస్ ఉన్నవాళ్ళకు మాత్రం వద్దు. గింజలూ మొలకలూ అసలే వద్దు. వాటిలో ఉండేది పడుకున్న జబ్బును లేపి కూర్చోబెట్టగలదు. ఇంట్లో అలాంటివేమీ వాడడం లేదు కదా?"

పిచ్చుక నవ్వింది. పొద్దుటి నుంచి అది నవ్వడం అదే మొదలు.

"మా ఇంట్లో ఆ గడ్డి తినేవి నాలుగు కాళ్ళవేనండీ. మా అక్క నాకు ఒట్టు వేసింది."

పాలక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆ సీసా మీది పూలు దగ్గరికీ దూరానికీ జరుగుతున్నట్టున్నాయి. ఇప్పుడే చెప్పెయ్యి అని ఒక మనసు, చెబితే ఇవాళే పెట్టె సర్దుకుంటుంది అని ఒక మనసు. చెప్పకుండా మొలకలు మానేస్తే? ఎవరికీ తెలియదు. జబ్బు దానంతటది తగ్గుతుంది. తగ్గుతుందా? ఈలోగా ఆ పెద్ద మందు ఎక్కించేస్తే? ఆ అమ్మాయి కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఆవులకు నీళ్ళ వేళయిందని గొణిగి, తనే ముందు బయటికి నడిచింది.

బస్సు ఆగే చోట రేకుల నీడ ఉంది. పిచ్చుక నీడలోనూ గొడుగు మూయలేదు. కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో మెల్లగా సాగదీసుకుంటూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెబుతోంది. ఇకమీద మాత్రలు అక్క ముందే వేసుకుంటుందట. కొట్టుకు ఇంకాస్త పొద్దున్నే, ఎండ రాకముందే వెళుతుందట. డాక్టరమ్మ అలా అనడంలో తప్పు లేదట, తనే ఏదో అశ్రద్ధ చేసి ఉంటుందట. బస్సు వచ్చింది. రద్దీగా ఉంది, తరవాతది ఎక్కుదాం అంది పాలక్క. బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. పిచ్చుక వింతగా చూసింది. పాలక్క రేకుల కింద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తన దూడను తనే బండి ఎక్కిస్తున్నట్టుంది ఆమెకు. ఇంకో బస్సు దూరంగా మలుపు తిరిగింది.

"నువ్వేం అశ్రద్ధ చెయ్యలేదు" అంది. "నేను పెట్టాను."

"ఏం పెట్టావు?"

"ఆ మొలకలు. రోజూ. పెరుగులో."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. డ్రైవరు వీళ్ళిద్దరి వంకా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

పిచ్చుక అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది పాలక్కకు. ఎప్పటి నుంచి అని అడిగింది, ఎంతెంత అని అడిగింది, పచ్చివా ఉడికించినవా అని అడిగింది. కొట్టులో అద్దం కొలత రాసుకునేటప్పుడు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. పాలక్క అన్నిటికీ చెప్పింది. మచ్చ మళ్ళీ వచ్చాక రెట్టింపు చేసిన సంగతి కూడా మింగెయ్యకుండా చెప్పింది.

"మంచికే చేశానని మాత్రం అనకు" అంది పిచ్చుక.

"అనను. భయానికి చేశాను. నువ్వు నాకు దక్కవేమోనని."

పిచ్చుక గొడుగు తీసుకుని లేచింది. నువ్విక్కడే ఉండు అని చెప్పి, వాచిన కాళ్ళతో ఆస్పత్రి వైపు ఒక్కతే నడిచి వెళ్ళింది. పాలక్క ఆ గొడుగు గుమ్మంలో మాయమయ్యేదాకా చూసింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. వెనక వెళదామని రెండుసార్లు రోడ్డు దిగి, రెండుసార్లూ మళ్ళీ ఎక్కింది. పక్కన కూర్చున్న ముసలాయన ఏ బస్సమ్మా అని అడిగితే ఏ బస్సూ కాదంది.

పిచ్చుక తిరిగొచ్చి, కూర్చోకుండానే చెప్పింది. జబ్బు లేచింది దానివల్లేనని తేల్చి చెప్పలేరట, కాదనీ చెప్పలేరట. మొలకలు ఈ క్షణం నుంచి బంద్. ముక్క తీసే పరీక్ష ఆగదు, దాని ఫలితం చూశాకే పెద్ద మందు సంగతి తేలుస్తారట.

"డాక్టరమ్మ ఏమంది?" అని పాలక్క భయపడుతూ అడిగింది.

"నిన్ను తిట్టిందనుకున్నావా? నన్ను అనుమానించినందుకు ఏమనుకోవద్దంది." పిచ్చుక గొడుగు రెండో భుజం మీదికి మార్చుకుంది. "నేను అబద్ధాలకోరునని అనుకుంది అక్కా, ఇందాక. నాదే తప్పని నేనూ అనుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు."

సీసా చూసేదాకా నాకూ తెలియదే అని పాలక్క నోటిదాకా వచ్చింది. తెలియకపోయినా దాచానుగా అనుకుని ఆ మాట మింగేసింది.

ఇంటికి వచ్చాక పిచ్చుక పెట్టె దించింది. కళ్ళద్దాల కొట్టు పైన ఖాళీ గది ఉంది, యజమాని భార్య ఎప్పటి నుంచో ఉండమంటోంది. పాలక్క బతిమాలలేదు. బతిమాలే హక్కు ఏ గంగలో కలిసిందో ఆమెకు తెలుసు. బట్టలు మడతపెట్టబోతే పిచ్చుక చెయ్యి అడ్డం పెట్టింది. ఊరికే నిలబడలేక పాకలోకి వెళ్ళి, మిగిలిన మొలకల మూట విప్పి దూడ ముందు పోసి, దూడ తింటుంటే చూడలేక మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. పిచ్చుక గేటు దగ్గర ఆగి, మందుల సంచి తీసుకున్నానా లేదా అని తడుముకుని, వస్తాను అనకుండా వెళ్ళింది. మలుపు తిరిగాక కూడా పాలక్క గేటు వదల్లేదు. పాలకు వచ్చినవాళ్ళు చెల్లెలు ఏదని అడిగితే, కొట్టు దగ్గరే ఉంటోంది, నడక తగ్గుతుందని, అంది. వాళ్ళు కొత్త కషాయం ఒకటి చెప్పబోతే, ఎన్నడూ లేనిది, వద్దమ్మా అని గేటు వేసేసింది.

ఆ తరవాతి రోజుల్లో ఆమె ఇంట్లో ఉన్న కాగితాలన్నీ మళ్ళీ తీసి చదివింది. ఈసారి ప్రతి వాక్యం దగ్గరా ఆగింది. ఇది ఎవరి గురించి చెబుతున్నారు, ఏ జబ్బు ఉన్నవాళ్ళకు, అని వేలు పెట్టి వెతికింది. చాలావాటిలో ఆ ముక్కే లేదు. చదువు వచ్చిందని ఇన్నాళ్ళూ తనెంత మురిసిపోయిందో తలుచుకుంటే సిగ్గేసింది. పెరుగు మాత్రం అలవాటుగా రోజూ ఒక గిన్నె ఎక్కువ తోడుపెట్టి, సాయంత్రానికి ఎవరికో ఒకరికి పోసేసేది. కళ్ళద్దాల కొట్టు వీధిలోకి పాలు వెయ్యడానికి వెళ్ళినా పైకి తలెత్తి చూసేది కాదు. మేడ కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా అని తిరిగొచ్చేదాకా బాధపడేది.

పరీక్ష ముందురోజు ఫోను వచ్చింది.

"తోడు ఒకరు ఉండాలట, కదలకుండా పడుకోవాలి కదా" అంది పిచ్చుక. "నువ్వు రా. ఏమీ తేవద్దు" అంది.

"పెరుగు కూడా..."

"చేతులూపుకుంటూ రా అక్కా."

పాలక్క చేతులూపుకుంటూ వెళ్ళింది. బస్సులో ఒడిలో గిన్నె లేక ఆ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తోచక, ముందు సీటు కడ్డీ పట్టుకుని వెళ్ళింది. ముక్క తీయడం అయిపోయింది. పిచ్చుకను వార్డులో వెల్లకిలా పడుకోబెట్టారు. సూది గుచ్చిన చోట రక్తం రాకుండా సాయంత్రం దాకా లేవకూడదు, పక్కకు కూడా తిరగకూడదు. నొప్పిగా ఉందా అంటే లేదంది. చుక్కావు ఎలా ఉందంటే బాగుందంది. పాలక్క దుప్పటి సర్దింది, మళ్ళీ సర్దింది, కిటికీ తెర జరిపింది, మళ్ళీ జరిపింది. కాసేపు కూర్చోవా, నా మంచం కదులుతోంది అని పిచ్చుక అనేసరికి స్టూలు అంచున కూర్చుంది.

మధ్యాహ్నం ఆస్పత్రి వంటింట్లోంచి కంచం వచ్చింది. తెచ్చినామె బల్ల మీద పెట్టి, మీరే తినిపించండమ్మా, తల ఎత్తనివ్వకండి అని చెప్పి పోయింది. పిచ్చుకకు పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. కంచం ఎక్కడుందో, అందులో ఏముందో కనిపించదు. పాలక్క చెంచా తీసుకుంది. చెంచా కంచానికి తగిలి చప్పుడైంది.

"ఏముంది అందులో?" అంది పిచ్చుక.

"మెత్తగా ఉడికించిన అన్నం. సొరకాయ కూర. ఒక చేపముక్క, ఉడికించిందే. కాస్త పెరుగు."

"పెరుగులో?"

"ఏమీ లేదు. తెల్లగా ఉంది." పాలక్క గిన్నె ఎత్తి, చెల్లెలి కళ్ళకు ఎదురుగా వంచి చూపించింది.

"ఉప్పు?"

"తెలియదు."

"తెలియదంటే ఎలా? రుచి చూడు."

పాలక్క కొంచెం అన్నం, కూర నోట్లో పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు. నమిలి మింగేదాకా పిచ్చుక పైకప్పు వంకే చూస్తూ ఉంది.

"ఎలా ఉంది?"

అక్క ఇలాంటప్పుడు బ్రహ్మాండంగా ఉంది, తినమ్మా అంటుంది. చిన్నప్పటి నుంచి ప్రతి చేదు మందుకూ అదే చెప్పింది.

"గడ్డి తిన్నట్టుంది" అంది పాలక్క. "చప్పగా. చేప కూడా అంతే."

పిచ్చుక పొట్ట కదలకుండా నవ్వడానికి తిప్పలు పడింది. నవ్వించకు, సూది గుచ్చిన చోట లాగుతోంది అంది. నవ్వించాలని అనలేదే, నిజమే చెప్పాను అంది పాలక్క. కాసేపటికి పిచ్చుక నోరు తెరిచింది. ఒక ముద్ద తింది. ఇంటికి ఎప్పుడొస్తావు అని అడగాలనుంది పాలక్కకు. ఆ మాట అడగకుండా, చేపముక్కలో ముళ్ళు వేళ్ళతో వెతికి తీసి, మిగిలినది చెంచాలోకి ఎత్తింది. నోటి దగ్గరికి నేరుగా తీసుకుపోకుండా, ముందు కళ్ళ ముందు ఆపింది.

"చేప" అంది.

పిచ్చుక చూసింది.

"ఊ" అంది.